లెక్క ఎక్కడ తప్పింది? కాలేజీ సందేహాలకు జవాబులు

ప్రశ్న: సీ భాష ల్యాబ్ అసైన్‌మెంట్‌లో వయసు చదివాక ‘మళ్లీ చేయాలా, వై లేదా ఎన్ కొట్టండి’ అని అడగాలి. నేనేమీ కొట్టకముందే ప్రోగ్రామ్ ముగిసిపోతోంది. క్లాసు గ్రూపులో స్క్రీన్ ఫొటో పెట్టి ‘పనిచేయట్లేదు, చూడండి’ అంటే ఎవరూ పలకలేదు.
– బీటెక్ మొదటి ఏడాది విద్యార్థి, కాకినాడ

జవాబు: వయసు 19 కొట్టి ఎంటర్ నొక్కారు కదా, స్కాన్ఎఫ్ (కీబోర్డు నుంచి విలువ చదివే సీ ఫంక్షన్) 19ని తీసుకుని ఎంటర్‌ని బఫర్‌లోనే, అంటే కొట్టినవి తాత్కాలికంగా నిలిచే చోటే, వదిలేసింది. స్కాన్ఎఫ్‌లో అంకె చదవమని చెప్పే గుర్తు పర్సెంట్ డి (%d). అది ఇన్‌పుట్‌లో ముందున్న ఖాళీలను, ఎంటర్లను దాటుకుని అంకె కోసం వెతుకుతుంది. ఒక్క అక్షరం చదివే పర్సెంట్ సి (%c) అలా దాటదు, ఎదురుపడ్డ మొదటి అక్షరాన్నే పట్టుకుంటుంది. అందుకే మీ ఎంటర్ జవాబైపోయింది. నమ్మకం కుదరకపోతే ఆ వేరియబుల్‌ను పర్సెంట్ డితో ప్రింట్ చేయండి, 10 వస్తుంది. ఎంటర్ ఆస్కీ విలువ అదే. రెండో స్కాన్ఎఫ్‌లో కొటేషన్ లోపల, పర్సెంట్ సికి ముందు ఒక్క స్పేస్ పెడితే సరిపోతుంది.

బఫర్ ఖాళీ చేయడానికి ఎఫ్‌ఫ్లష్ ఫంక్షన్‌లో ఎస్‌టీడీఇన్ (కీబోర్డు ఇన్‌పుట్) ఇవ్వమని సీనియర్లు చెప్తారు. వద్దు. ఇన్‌పుట్ మీద అది ఏం చేయాలో సీ ప్రమాణంలో లేదు. కొన్ని విండోస్ కంపైలర్లలో నడిచినా, ల్యాబ్‌లో లినక్స్ ఉంటే అక్కడ తిప్పలు పడతారు.

ఇక గ్రూపు సంగతి. ఫొటోలోని కోడ్‌ను ఎవరూ కాపీ చేసి నడిపి చూడలేరు. టెక్స్ట్‌గా పెట్టండి. 120 లైన్లూ వద్దు, తప్పు కనబడే పది లైన్లు చాలు. కింద మూడు మాటలు రాయండి: ఏం కొట్టారు, ఏం రావాలి, ఏం వచ్చింది. నిజానికి కోడ్‌ను పది లైన్లకు కుదించే పనిలోనే సగం తప్పులు బయటపడతాయి. జీసీసీ కంపైలర్‌ను హెచ్చరికలు చూపే వాల్ (-Wall) ఆప్షన్‌తో నడపడం అలవాటు చేసుకోండి. ఈ ఎంటర్ తప్పును అది పట్టదు గానీ, స్కాన్ఎఫ్‌లో ఆంపర్‌సాండ్ (&) మరిచిపోతే వెంటనే హెచ్చరిస్తుంది.

ప్రశ్న: మొదటి వరుస 4, 1, రెండో వరుస 2, 3 ఉన్న మాట్రిక్స్‌కు ఐగెన్ విలువలు 5, 2 వచ్చాయి. 2కి నా వెక్టర్ (1, −2). పుస్తకంలో (−1, 2) ఉంది. మార్కులు పోతాయా?
– డిగ్రీ విద్యార్థిని, వరంగల్

జవాబు: పోవు, రెండూ ఒకటే. మాట్రిక్స్‌తో గుణిస్తే తనకే కొన్ని రెట్లుగా వచ్చే, సున్నా కాని వెక్టరే ఐగెన్ వెక్టర్, ఎన్ని రెట్లో అదే ఐగెన్ విలువ. ఐగెన్ వెక్టర్‌ను సున్నా కాని ఏ సంఖ్యతో గుణించినా ఐగెన్ వెక్టరే. నార్మలైజ్ చేయమంటే (పొడవు 1 చేయమంటే) మాత్రం √5తో భాగించాలి. పుస్తకం చూడకుండానే సరిచూసుకోవచ్చు. మాట్రిక్స్‌తో మీ వెక్టర్‌ను గుణించండి: 4 − 2 = 2, 2 − 6 = −4. వచ్చిన (2, −4) మీ వెక్టర్‌కు సరిగ్గా 2 రెట్లు.

అసలు వెక్టర్ల దాకా వెళ్లేముందే ఇంకో తనిఖీ ఉంది. వికర్ణం మొత్తం 4 + 3 = 7, విలువల మొత్తం 5 + 2 కూడా 7. డిటర్మినెంట్ 12 − 2 = 10, విలువల లబ్ధం 10. ఇందులో ఏది కుదరకపోయినా అక్కడే ఆగండి. వెక్టర్ కట్టబోతే (0, 0) తప్ప ఏదీ రావట్లేదంటే తప్పు ఆ మెట్టులో కాదు, ఐగెన్ విలువలోనే ఉండొచ్చు. 3×3 లెక్కల్లో చాలామంది డిటర్మినెంట్ విస్తరణలో మధ్య పదానికి మైనస్ మరిచిపోయి ఇక్కడికే వచ్చి చిక్కుకుంటారు.

ప్రశ్న: న్యూటన్స్ రింగ్స్ (కాంతి వలయాలు కొలిచే) ప్రయోగంలో సోడియం కాంతి తరంగదైర్ఘ్యం 1480 ఆంగ్‌స్ట్రామ్‌లు వచ్చింది. రికార్డులో ఏం రాయాలి?
– బీఎస్సీ విద్యార్థి, కర్నూలు

జవాబు: 1480ని 4తో గుణిస్తే 5920. ప్రామాణిక విలువ 5893. అంటే రీడింగులు బాగానే ఉన్నాయి, సూత్రంలో డయామీటర్ ఉండాల్సిన చోట వ్యాసార్ధం వేసి ఉంటారు. సూత్రంలో దాని వర్గం ఉంటుంది కాబట్టి, సగం వేస్తే జవాబు నాలుగో వంతే వస్తుంది. ఎడమ, కుడి రీడింగుల తేడానే డయామీటర్, దాన్ని మళ్లీ సగం చేయకూడదు. లెక్క సరిచేసి 5920 అనే రాయండి. తేడా అర శాతం లోపే. 5893 అని దిద్దితే మీ పట్టికే మిమ్మల్ని పట్టిస్తుంది. ఈసారి రీడింగులు తీసేటప్పుడు ఎడమ చివరి రింగు నుంచి కుడి చివరిదాకా మైక్రోస్కోప్ స్క్రూను ఒకే వైపు తిప్పండి. మధ్యలో వెనక్కి తిప్పితే బ్యాక్‌లాష్ (స్క్రూ మరల్లోని వదులు) వల్ల స్కేలు కదిలినా క్రాస్‌వైర్ కాసేపు కదలదు.