ఇండియన్ విమెన్స్ లీగ్ 2024-25: చూడదగ్గదేనా?

"మన దేశంలో మహిళల ఫుట్‌బాల్ లీగ్ ఒకటి ఉందట కదా, దాన్ని ఎవరైనా చూస్తారా? ఆట ఎలా ఉంటుంది?" అని అడిగారు. నేను చూస్తాను. 2024-25 సీజన్ అయితే కుదిరినప్పుడల్లా చూశాను, ఆఫీసులో ఫోన్ మ్యూట్‌లో పెట్టుకుని మరీ. ఆట సంగతి తర్వాత చెబుతా. అంతకంటే ముందు అసలు "సీజన్" ఉండటం అంటే ఏంటో చెప్పాలి. అది లేకుండా ఆడినవాళ్లలో నేనూ ఒకదాన్ని.

కాలేజీలో నేను లెఫ్ట్ బ్యాక్, అంటే ఎడమవైపు డిఫెండర్ని. అప్పటికి ఈ లీగ్ పుట్టలేదు. మాకు సంవత్సరానికి ఒకటే ఇంటర్ కాలేజ్ టోర్నమెంట్, అదీ నాకౌట్, ఒక్కసారి ఓడితే ఇంటికే. దాని కోసం వర్షాకాలం నుంచీ తెల్లారకుండా లేచి బురదలో ప్రాక్టీస్. ఒక ఏడాది మా మ్యాచ్ మిట్టమధ్యాహ్నం పెట్టారు, ఎందుకంటే సాయంత్రం చల్లబడ్డాక అబ్బాయిల సెమీఫైనల్ ఉంది. సరే అనుకుని వెళ్లాం. చూస్తే గ్రౌండ్‌లో ఒక మూలకి క్రికెట్ పిచ్ రెడీ చేసి, చుట్టూ మేకులు పాతి తాడు కట్టేశారు. అది సరిగ్గా మా లెఫ్ట్ వింగ్ మీదికి వస్తోంది. "తాడే టచ్‌లైన్ అనుకోండమ్మా, లోపలికి మాత్రం అడుగు పెట్టకండి, వచ్చే వారం క్రికెట్ ఉంది" అన్నారు రిఫరీగా వచ్చిన పీఈటీ సార్.

సెకండాఫ్‌లో బంతి వెళ్లి ఆ తాడు కట్టిన మేకుకి తగిలి వెనక్కి వచ్చింది. బంతి బయటికి పోయినట్టే అనుకుని మేమంతా ఆగిపోయాం. అవతలి జట్టు అమ్మాయి ఒక్కతే ఆగలేదు, తీసుకెళ్లి గోల్ కొట్టింది. మా కెప్టెన్ ఎంత వాదించినా సార్ ఒకటే మాట: "విజిల్ వినపడేదాకా ఆడాలమ్మా." ఒక్క గోల్ తేడాతో ఓడిపోయాం. మ్యాచ్ అవ్వగానే బస్సెక్కేశాం. మేడమ్ మజ్జిగ ప్యాకెట్లు పంచుతుంటే ఎవరూ నోరు మెదపలేదు. మా గోల్‌కీపర్‌కి అది ఫైనల్ ఇయర్. అంటే ఆమె ఫుట్‌బాల్ ఆ మేకు దగ్గరే అయిపోయింది.

వచ్చే వారం ఇంకో మ్యాచ్ ఉంటే ఆ గోల్‌ని తలుచుకుని ఇప్పుడు నవ్వుకునేవాళ్లం. లీగ్ ఇచ్చేది ఆ వచ్చే వారాన్నే.

ఈ ఇండియన్ విమెన్స్ లీగ్ కూడా చాలా ఏళ్లు మా టోర్నమెంట్‌కి పెద్దక్కలాగే నడిచింది. 2016-17లో మొదలైంది కానీ పేరుకే లీగ్. అందరినీ ఒక ఊరికి పిలిచి, కొన్ని వారాల్లో ఆడించేసి పంపేసేవాళ్లు. ఒకసారి షిల్లాంగ్, ఒకసారి లుధియానా, ఇంకోసారి భువనేశ్వర్. 2023లో 16 జట్లని అహ్మదాబాద్‌కి తీసుకొచ్చి, ఏప్రిల్ చివర మొదలుపెట్టి మే 21కల్లా ఫైనల్ ముగించేశారు. ఆ ఎండల్లో ఫైనల్‌కి వచ్చిన జట్టు నాలుగు వారాలు తిరక్కుండానే పది మ్యాచ్‌లు ఆడాలి. గోకులం కేరళ 5-0తో గెలిచి, వరసగా మూడోసారి కప్పు పట్టుకెళ్లింది. గొప్పే. కానీ మిగతా ఏడాదంతా వీళ్లేం చేయాలి? ఎవరూ అడగలేదు.

సొంత ఊళ్లో ఒకటి, అవతలి ఊళ్లో ఒకటి ఆడే పద్ధతి 2023-24లో మొదలైంది, ఏడు జట్లతో. 2024-25లో ఎనిమిది జట్లు, ఒక్కో జట్టుకి 14 మ్యాచ్‌లు. నన్నడిగితే ఇవీ తక్కువే, కనీసం రెండింతలు ఉండాలి. అయినా ఆ కాస్తలోనే ఎంత కథ నడిచిందో చూడండి. 2023-24లో కప్పు గెలిచిన ఒడిశా ఎఫ్‌సీ మరుసటి ఏడాదే కింది డివిజన్‌కి పడిపోయింది. అంతకుముందు అడుగున కొట్టుకున్న ఈస్ట్ బెంగాల్, ఆంథొనీ ఆండ్రూస్ కోచ్‌గా వచ్చాక ఛాంపియన్ అయింది. ఆ క్లబ్ పురుషుల జట్టు నేషనల్ లీగ్ చివరిసారి గెలిచింది ఎప్పుడో 2003-04లో. ఇన్నేళ్లకి మళ్లీ లీగ్ టైటిల్ తెచ్చింది అమ్మాయిలు.

ఆ టైటిల్ ఖాయం చేసిన గోల్ ఎవరిదో తెలుసా? సౌమ్య గుగులోత్‌ది. నిజామాబాద్ జిల్లా తండా నుంచి వచ్చిన మనమ్మాయి. 2025 ఏప్రిల్ 11న ఒడిశా మీద 1-0, ఆ ఒక్కటీ ఆమె కొట్టిందే. ఆ రోజు మా ఇంట్లో అందరూ చెన్నై, కోల్‌కతా ఐపీఎల్ మ్యాచ్ కోసం టీవీ ముందు సర్దుకుంటున్నారు, ధోనీ మళ్లీ కెప్టెన్ అయ్యాడని ఒకటే హడావిడి. నేను సౌమ్య సంగతి చెబితే మా బాబాయ్ "ఏ సౌమ్య?" అన్నాడు. ఆయన తప్పేం లేదు. ఆయన చదివే పేపర్లో స్పోర్ట్స్ పేజీ అంటే క్రికెట్, మిగిలిన చోట ప్రకటనలు.

ఆ సీజన్‌లో ఎనిమిది జట్లు ఉంటే, తెలుగు రాష్ట్రాల నుంచి ఒక్కటీ లేదు. ఇండియా జట్టుకి కోచ్‌గా చేసిన మన హైదరాబాద్ రహీం సాబ్ పేరు చెప్పుకుని, 1956 ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం అని, 1962 ఏషియాడ్ బంగారమని మురిసిపోతాం. హైదరాబాద్ పేరుతో అప్పట్లో ఉన్న పురుషుల క్లబ్ 2021-22లో ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) కూడా గెలిచింది. అమ్మాయిల దగ్గరికి వచ్చేసరికి సౌమ్య కేరళ క్లబ్‌కి ఆడింది, క్రొయేషియా వెళ్లి డైనమో జాగ్రెబ్‌లో చేరింది, తర్వాత కోల్‌కతా క్లబ్ ఈస్ట్ బెంగాల్. జాగ్రెబ్‌లో దొరికిన చోటు హైదరాబాద్‌లో దొరకలేదంటే ఏమనాలి? టీమ్ దాకా ఎందుకు, నా సైజు బూట్లు అడిగితే ఇప్పటికీ షాపులో పిల్లల సెక్షన్ చూపిస్తారు.

సరే, ఆట. నిజం చెప్పాలంటే గోల్‌కీపింగ్ చాలా జట్లలో బలహీనం. పైజట్లకీ కిందిజట్లకీ తేడా ఎక్కువ, కొన్ని మ్యాచ్‌లు హాఫ్‌టైమ్‌కే తేలిపోతాయి. గోకులం తరఫున ఉగాండా అమ్మాయి ఫాజిలా ఇక్వాపుట్ ఒక్కతే ఆ సీజన్‌లో 24 గోల్స్ కొట్టింది. "గోల్స్ అన్నీ విదేశీవాళ్లే కొడితే మనవాళ్లకి లాభమేంటి" అని కొందరు సణుగుతారు. నేను డిఫెండర్ని కాబట్టి చెబుతున్నా, అలాంటి ఫార్వర్డ్‌ని ఏడాదికి రెండుసార్లు ఆపాల్సి వస్తేనే మన డిఫెండర్లు పనికొస్తారు. 2025 జూలైలో చియాంగ్ మాయిలో థాయ్‌లాండ్‌ని వాళ్ల గడ్డ మీదే 2-1తో ఓడించి ఇండియా మహిళల ఏషియన్ కప్‌కి అర్హత సాధించింది. రెండు గోల్సూ సంగీత బాస్ఫోర్‌వి, ఆమెదీ ఆ ఈస్ట్ బెంగాల్ జట్టే. అది ఈ 14 మ్యాచ్‌ల పుణ్యమే అని నేనంటాను. ఇండియా కోచ్ గొప్పతనం అనేవాళ్లు అనుకోనీ.

"అమ్మాయిల ఆట స్లో" అనేవాళ్లకి నేను జవాబు చెప్పడం మానేశాను. మీరు మాత్రం కొత్తగా మొదలుపెట్టేటట్టయితే ఈస్ట్ బెంగాల్, గోకులం మ్యాచ్‌తో మొదలుపెట్టండి. బంతిని వదిలేసి ఒక పది నిమిషాలు సౌమ్య ఎక్కడ నిలబడుతోందో చూడండి. నాలా పక్కవైపు ఆడే డిఫెండర్‌కి, అంటే ఫుల్‌బ్యాక్‌కి, ఎంత చిరాకు తెప్పిస్తుందో నాకు తెలుసు.