వేలు తీయకుండా నొక్కి పట్టినట్టు

ప్రశ్న: మాస్టారూ, మా అమ్మకు కీళ్లవాతం. రిమోట్ మీది రబ్బరు బటన్లు నొక్కలేదు. అందుకని టీవీ ముందు వైఫైతో నడిచే ఇన్‌ఫ్రారెడ్ పెట్టె ఒకటి పెట్టి, ఫోన్‌లో పెద్ద బటన్లు చేసిచ్చాను. ఛానళ్లు బాగానే మారుతున్నాయి, సౌండు దగ్గరే చిక్కు. రిమోట్‌లో నొక్కి పట్టుకుంటే గబగబా పెరిగేది. ఫోన్‌లో ఎంతసేపు నొక్కినా ఒక్క పాయింటే. అదే కోడ్‌ను వరసగా పంపించి చూశాను, ఆగి ఆగి పెరుగుతోంది. ఎస్వీబీసీలో సుప్రభాతం పెట్టుకున్నప్పుడల్లా సౌండుకోసం నన్ను పిలుస్తోంది. ఏం చెయ్యాలి?
— ఒక పాఠకురాలు, కొర్లగుంట, తిరుపతి

జవాబు: కోడ్ మీరు సరిగ్గానే పట్టుకున్నారమ్మా. వేలు ఇంకా బటన్ మీదే ఉందని రిమోట్ టీవీకి ఎలా చెబుతుందో, అది పట్టుకోవాలి.

మా చిత్తూరు షాపుకు రిపేరుకొచ్చే రిమోట్లలో ఎక్కువ ఎన్‌ఈసీ పద్ధతివే. కంటికి కనపడని వెలుగు మెరుపులతో కోడ్ పంపే పద్ధతుల్లో అదొకటి. బటన్ నొక్కగానే 9 మిల్లీసెకన్ల వెలుగు, 4.5 మిల్లీసెకన్ల ఖాళీ, ఆపైన 32 బిట్ల కోడ్. ఇదంతా ఒక్కసారే. వేలు అక్కడే ఉంచితే ఆ కోడ్ మళ్లీ రాదు. సుమారు 108 మిల్లీసెకన్లకోసారి చిన్న గుర్తు మాత్రం వస్తుంది: 9 మిల్లీసెకన్ల వెలుగు, 2.25 ఖాళీ, చివర ఒక్క మెరుపు. అందులో సౌండనీ ఉండదు, ఛానలనీ ఉండదు. ‘ఇందాకటిదే, ఇంకా పట్టుకునే ఉన్నారు’ అని అంతే.

కళ్లారా చూడాలనుంటే టీఎస్ఓపీ 1738 అనే మూడు కాళ్ల రిసీవర్‌ను ఆర్డుయినో అనే చిన్న ప్రోగ్రామింగ్ బోర్డుకు కలిపి, రిమోట్ కోడ్లు చదివే ఐఆర్‌రిమోట్ లైబ్రరీ (రెడీమేడ్ ప్రోగ్రాం) పాత వెర్షన్ వేసి, రిమోట్ నొక్కి పట్టండి. కంప్యూటర్ తెర మీద మొదటి వరసలో అసలు కోడ్ పడుతుంది. దాని కింద ఎనిమిదేసి ఎఫ్‌లు, వరస వెంట వరస, వేలు తీసేదాకా దిగుతూనే ఉంటాయి. ఆ ఎఫ్‌ల వరసే నేను చెప్పిన గుర్తు.

మీరు పంపేది ప్రతిసారీ పూర్తి కోడ్. టీవీకి ప్రతిదీ కొత్త నొక్కుడే. పైగా అది ఫోన్ నుంచి రూటర్‌కు, అక్కణ్ణుంచి పెట్టెకు చేరాలి. ఒకటి చప్పున చేరుతుంది, వెనకది ఆలస్యమవుతుంది. ఆ ఎడం చూసి టీవీ వేలు తీసేశారనుకుంటుంది. ఫోన్ వైపు ఎంత సవరించినా ఇది కుదరదు. పాటకు తాళం వేసినట్టు, ఆ గుర్తులను సమయానికి పంపే పని పెట్టెలోనే జరగాలి.

ఈఎస్‌పీ 8266 అనే వైఫై బోర్డుతో మీరే చేసుకున్న పెట్టె అయితే పని తేలిక. ఐఆర్‌రిమోట్‌ఈఎస్‌పీ8266 లైబ్రరీలో ఎన్‌ఈసీ కోడ్ పంపే సెండ్‌ఎన్‌ఈసీ ఆజ్ఞకు ఇచ్చే మూడో విలువ రిపీట్. అక్కడ 10 వేస్తే అసలు కోడ్ ఒకసారి, వెనకాలే పది గుర్తులు వెళ్తాయి. ఒక సెకను పైచిలుకు నొక్కి పట్టినట్టే. కొన్న పెట్టె అయితే దాని ఆజ్ఞలో రిపీట్ సంఖ్య ఉందేమో చూడండి. ఇలాంటి పెట్టెలు చేసే గ్లోబల్ కాషే కంపెనీ వాళ్ల సెండ్‌ఐఆర్ ఆజ్ఞలో రిపీట్‌తో పాటు ఆఫ్‌సెట్ కూడా ఉంటుంది. రెండోసారి నుంచి ఎక్కణ్ణుంచి మొదలుపెట్టాలో అది చెబుతుంది. దాన్ని అసలు కోడ్ దాటించి చిన్న గుర్తు దగ్గర నిలపాలి.

ఇదంతా ఎన్‌ఈసీ సంగతి. సోనీ పద్ధతిలో పూర్తి కోడే 45 మిల్లీసెకన్లకోసారి వస్తుంది. ఫిలిప్స్ వాళ్ల ఆర్‌సీ5లో కొత్తగా నొక్కిన ప్రతిసారీ ఒక బిట్ తిరగబడుతుంది, పట్టుకున్నంతసేపూ మారదు. అక్కడ ఒకే కోడ్‌ను రికార్డు చేసి వాడితే మీకు ఎదురు కష్టం వస్తుంది: 11 కొడితే టీవీ 1 అనే తీసుకోవచ్చు.

ఫోన్‌లో వేలు ఆనిస్తే ‘మొదలు’, తీస్తే ‘ఆపు’ అని పంపించే పద్ధతి కూడా ఉంది. ‘ఆపు’ దారిలో పోయిందంటే సౌండు పైకి పోతూనే ఉంటుంది. పెద్దావిడ ఒక్కరే ఉన్న గదిలో అది జరగకూడదు. వేలు ఉన్నంతసేపూ ఫోన్ నుంచి కబురు రావాలి, అర సెకను రాకపోతే పెట్టె తనంతట తానే ఆపేయాలి. ఈ కట్టడి లేకుండా మాత్రం పెట్టకండి.

అమ్మగారికి అసలు ఆ పద్ధతే వద్దంటాను. నొక్కి పట్టడమే కదా ఆమెకు నొప్పి! ఒక్కసారి తాకితే పది రిపీట్లు వెళ్లే బటన్ ఒకటి, ఒక్క పాయింటు పెంచేది ఒకటి, తగ్గించడానికి అలాగే రెండు పెట్టండి. ఎన్ని గుర్తులకు వేగం అందుకుంటుందనేది టీవీని బట్టి ఉంటుంది. ఆమె పక్కన కూర్చుని 5తో మొదలుపెట్టి, చాలు అనేదాకా ఒక్కొక్కటే పెంచుకుంటూ పోండి.