చివరి నిమిషం కుర్రాడి మీద నెట్టేయకండి

ప్రశ్న ఇది: పెద్ద టోర్నీకి అర్హత సాధించలేకపోయిన జాతీయ ఫుట్‌బాల్ జట్లలో మిమ్మల్ని ఎక్కువ బాధపెట్టింది ఏది, అందులో తప్పు ఎవరిది?

నన్ను ఎక్కువ బాధపెట్టింది మన ఇండియానే, ఆ తర్వాత 1993 నాటి ఫ్రాన్స్. తప్పు ఎవరిదంటే, చివరి నిమిషంలో బంతి ఎవడి కాళ్ల దగ్గరుందో వాడిది మాత్రం కాదు. ఈ మాట ఊరికే అనడం లేదు. మా ఊళ్లో ఒక కుర్రాడి మీద అలాంటి నింద పడటం కళ్లారా చూశాను. ఆ రోజు నోరు మెదపని వాళ్లలో నేనూ ఉన్నాను, పైగా నేను కెప్టెన్ని.

మాది పర్లాకిమిడి, ఒడిశాలో గజపతి జిల్లా. కాస్త దూరం వెళ్తే పాతపట్నం, అంటే శ్రీకాకుళం జిల్లా. ఇంట్లో తెలుగు, బళ్లో ఒడియా, మైదానంలో రెండూ కలిపేస్తాం, కొండ ఊళ్ల కుర్రాళ్లు దిగితే సవర కూడా వినిపిస్తుంది. టౌన్లో క్రికెట్ పిచ్చి బాగానే ఉంది కానీ కొండ మీద మాత్రం ఫుట్‌బాలే. కోతలయ్యాక, క్రిస్మస్ దగ్గర పడుతుంటే, ఊరి పక్క మళ్లు చదును చేసి పోటీలు పెడతారు, గెలిచిన జట్టుకి మేకపోతు ఇస్తారు. మా జట్టులో బాగా ఆడేవాళ్లంతా అక్కడి నుంచి వచ్చినవాళ్లే.

ఇరవై ఏళ్ల కిందటి సంగతి. జిల్లాలో నాలుగు జట్ల లీగ్, మొదట వచ్చిన జట్టు బరంపురం వెళ్లి ఆడుతుంది. మా మొదటి మ్యాచ్ అందరికన్నా బలహీనమైన జట్టుతో పడింది. వాళ్లని ఎలాగూ కొడతాం కదా అని ఇద్దరు ఫార్వర్డులకి విశ్రాంతి ఇద్దామన్నాను. ఆ సలహా నాదే. 1-1 డ్రా అయింది. పోన్లే అనుకున్నాం. రెండో మ్యాచ్ 3-0తో గెలిచేసరికి ఆ డ్రా సంగతి అందరూ మర్చిపోయారు. చివరి మ్యాచ్ డ్రా అయినా చాలు, బరంపురం వెళ్లిపోతాం. వాన పడుతోంది, 1-1 మీద ఉన్నాం, ఇంకో రెండు మూడు నిమిషాలే ఉంది. రైట్ బ్యాక్, అంటే కుడి వైపు డిఫెండర్‌గా ఆడుతున్న కొండ ఊరి కుర్రాడు గోల్‌కీపర్‌కి బంతి వెనక్కి ఇవ్వబోయాడు, బురదలో కాలు జారింది, బంతి మధ్యలోనే ఆగిపోయింది, అవతలి ఫార్వర్డ్ వచ్చి కొట్టేశాడు. అంతే.

వాడికి పదిహేడేళ్లు. సొంత బూట్లు లేవు, నా పాత జత ఇచ్చాను, అవి వాడికి పెద్దవి, ముందు వైపు గుడ్డపీలికలు కుక్కి వేసుకున్నాడు. తిరిగి వచ్చేటప్పుడు వ్యాన్లో మా కోచ్ వాడిని ఎన్ని మాటలన్నాడో ఇక్కడ రాయలేను. నీవల్లే పోయింది, నీవల్లే పోయింది అని ఊరు వచ్చేదాకా అంటూనే ఉన్నాడు, మిగతావాళ్లూ అందుకున్నారు. వాడు ఒక్క మాట తిరిగి అనలేదు. వెనక తలుపు దగ్గర కూర్చుని బూట్లు విప్పాడు, లోపలి పీలికలు ఒక్కొక్కటే బయటికి తీసి, నీళ్లు పిండి, మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. దిగేటప్పుడు బూట్లు నా చేతిలో పెట్టి "ఇవిగో అన్నా" అన్నాడు. తర్వాత ఏడాది దాకా మైదానం వైపు రాలేదు.

మొదటి మ్యాచ్ గెలిచి ఉంటే చివరిది ఒక గోల్ తేడాతో ఓడినా గోల్స్ లెక్కలో మేమే ముందుండేవాళ్లం. ఆ లెక్క నాకు వ్యాన్లోనే తెలుసు. చెప్పలేదు.

అప్పటి నుంచి ఏ దేశం అర్హత కోల్పోయిందన్నా నేను చివరి మ్యాచ్ హైలైట్లు చూసి ఊరుకోను. పట్టిక తీసి, ఎక్కడ పాయింట్లు పారేసుకున్నారో చూస్తాను. ప్రతిసారీ కాదు గానీ చాలాసార్లు అసలు సంగతి అక్కడే దొరుకుతుంది.

ఫ్రాన్స్‌నే తీసుకోండి. 1993 నవంబర్ 17న పారిస్‌లో బల్గేరియాతో ఆట, 1994 ప్రపంచ కప్‌కి డ్రా అయినా చాలు, స్కోరు 1-1, ఆట అయిపోవస్తోంది. బల్గేరియా కార్నర్ దగ్గర ఫ్రాన్స్‌కి ఫ్రీ కిక్ దొరికింది. బంతిని అక్కడే పట్టుకుని కాలం గడిపేస్తే సరిపోయేది. డేవిడ్ జినోలా దాన్ని గోల్ ముందుకి క్రాస్ కొట్టాడు, అది అందరినీ దాటి అవతలికి పోయింది, అక్కడి నుంచి బల్గేరియా పరుగు మొదలైంది, ఎమిల్ కోస్తాదినోవ్ గోల్ కొట్టేశాడు. కోచ్ జెరార్ హూలియే బాహాటంగా జినోలాని తప్పుపట్టాడు, ఆ నింద అతన్ని ఎన్నో ఏళ్లు వదల్లేదు, చివరికి కోర్టు దాకా వెళ్లింది. ఆ ఒక్క క్రాస్ గురించి ఇప్పటికీ మాట్లాడతారు కదా, మరి దానికి నెల ముందు, అక్టోబర్ 13న, అదే పారిస్‌లో ఇజ్రాయెల్ చేతిలో 2-3తో ఓడిన సంగతి ఎంతమందికి గుర్తుంది? ఇజ్రాయెల్ అప్పటిదాకా ఆ గ్రూప్‌లో ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు. వాళ్ల దేశంలోనే ఫ్రాన్స్ వాళ్లని 4-0తో ఓడించి వచ్చింది. పారిస్‌లో 2-1తో ముందుండి, చివరి పది నిమిషాల్లో రెండు గోల్స్ ఇచ్చేసింది. ఆ రోజు గెలిచి ఉంటే బల్గేరియాతో ఆట లాంఛనమే, జినోలా ఆ బంతిని ఎటు కొట్టినా ఎవరికీ పట్టేది కాదు. అయినా పేరు మాత్రం అతనిదే మిగిలింది.

ఇంగ్లండ్ కథ కూడా అచ్చం ఇంతే. 2008 యూరోకి, అంటే యూరప్ దేశాల కప్‌కి, క్రొయేషియాతో డ్రా సరిపోయేది. 2007 నవంబర్ 21న వెంబ్లీలో వానలో 2-3తో ఓడారు. ఆ రోజు గోల్‌లో ఉన్న స్కాట్ కార్సన్‌కి 22 ఏళ్లు, దేశం తరఫున అతనికి అదే మొదటి పోటీ మ్యాచ్. ఎనిమిదో నిమిషంలో దూరం నుంచి క్రొయేషియా ఆటగాడు క్రాంచార్ కొట్టిన బంతి ముందు నేలకి తగిలి లేచి అతని చేతుల్లోంచి జారిపోయింది. ఇక మర్నాడు పేపర్లన్నీ అతని మీద, గొడుగు పట్టుకుని నిలబడ్డ కోచ్ మెక్‌లారెన్ మీద పడ్డాయి. పట్టిక చూడండి: ఇంగ్లండ్‌ని దాటి అర్హత తెచ్చుకున్న రష్యాకి 24 పాయింట్లు, ఇంగ్లండ్‌కి 23. ఏడాది ముందు, 2006 అక్టోబర్‌లో, ఓల్డ్ ట్రాఫర్డ్‌లో మేసిడోనియాతో 0-0 డ్రా చేసుకున్నారు, సొంత గడ్డ మీద. అది గెలిస్తే 25. కార్సన్ ఆ రోజు ఆడనే లేదు.

ఇటలీ సంగతి అందరూ రాశారు కాబట్టి త్వరగా చెప్పేస్తాను. 2017లో స్వీడన్‌తో ప్లేఆఫ్‌లో, అంటే గ్రూప్‌లో మొదట రాలేకపోయాక మిగిలే ఆఖరి అవకాశంలో పోయింది, 1958 తర్వాత మొదటిసారి ప్రపంచ కప్‌కి దూరమైంది, గోల్‌కీపర్ బఫాన్ ఏడ్చిన ఫొటో మీరంతా చూసే ఉంటారు. మళ్లీ 2022 మార్చిలో పలెర్మోలో, యూరప్ ఛాంపియన్లుగా ఉండి, ఉత్తర మేసిడోనియా చేతిలో చివరి క్షణంలో 0-1. కానీ అసలు ప్లేఆఫ్ దాకా ఎందుకు రావాల్సి వచ్చింది? గ్రూప్‌లో స్విట్జర్లాండ్‌తో ఆడిన రెండు మ్యాచ్‌లూ డ్రా, రెండింట్లోనూ జోర్జిన్యో పెనాల్టీ పోగొట్టాడు. ఇక్కడ మాత్రం నేనూ ఆటగాడినే తప్పుపడుతున్నానని మీరు అనవచ్చు, నిజమే, కానీ పెనాల్టీ కొట్టడానికి ముందుకొచ్చే మనిషిని తిట్టడం నాకు నచ్చదు. 2005లో కామెరూన్‌కి అదే జరిగింది, ఈజిప్టుతో 1-1 మీద ఉండగా చివర్లో దొరికిన పెనాల్టీని పియర్ వోమే స్తంభానికి కొట్టాడు, ప్రపంచ కప్ ఐవరీ కోస్ట్‌కి పోయింది, వోమే ఇంటి మీదికి జనం వెళ్లారు. ఒక ఆట కోసం మనిషి ఇంటి మీదికి వెళ్లడమేంటి!

ఇంకొకటి చెప్పకుండా ఉండలేను. చిలీ 2015లో, 2016లో వరసగా కోపా అమెరికా, అంటే దక్షిణ అమెరికా దేశాల కప్ గెలిచింది, 2018 ప్రపంచ కప్‌కి మాత్రం వెళ్లలేదు. బొలీవియాతో సొంత ఊళ్లో 0-0 డ్రా అయ్యాక, బొలీవియా తరఫున కబ్రేరా అనే ఆటగాడికి ఆడే అర్హత లేదని ఫిర్యాదు చేసి, ఆ మ్యాచ్ 3-0గా మార్పించుకుని రెండు పాయింట్లు తెచ్చుకుంది. అదే ఆటగాడు పెరూ మీద కూడా ఆడాడు, బొలీవియా చేతిలో ఓడిన పెరూకి అదే లెక్కన మూడు పాయింట్లు వచ్చాయి. చివరికి పెరూకి 26, చిలీకి 26, గోల్స్ తేడాతో పెరూ ముందుకి వెళ్లింది. ఆ ఫిర్యాదే లేకపోతే చిలీకి 24, పెరూకి 23. చిలీ చివరి మ్యాచ్‌లో బ్రెజిల్ చేతిలో ఓడింది కాబట్టి పోయింది అని చెప్పేవాళ్లు ఆ 0-0 మ్యాచ్ ఒకసారి చూడాలి.

ఇప్పుడు మన సంగతి. 2023 నవంబర్ 21న భువనేశ్వర్ కళింగ స్టేడియంలో ఖతార్‌తో ఆట. 2026 ప్రపంచ కప్ అర్హత పోటీల్లో రెండో రౌండ్. నేను వెళ్లాను. నాతో వచ్చింది ఎవరనుకుంటున్నారు, ఆ రైట్ బ్యాక్ కుర్రాడే. ఏడాది తర్వాత నేనే కొండెక్కి వాళ్ల ఊరు వెళ్లి, ఆ లెక్క మొత్తం వాళ్ల నాన్నగారి ముందు చెప్పి, తప్పు నాదని ఒప్పుకుని వచ్చాను. ఇప్పుడతను ఒక బళ్లో ఆటల మాస్టారు. బరంపురం దాకా బస్సు, అక్కడి నుంచి రైలు. దారంతా మా నాన్నగారు చెప్పిన కథలు, 1962 ఆసియా క్రీడల్లో బంగారు పతకం తెచ్చిన జట్టుకి కోచ్ హైదరాబాద్ రహీం సాబ్ అని, అందులో సికింద్రాబాద్ బలరాం ఆడాడని, అతనికి చెబుతూ వెళ్లాను. నాలుగో నిమిషంలోనే గోల్ పడింది. 0-3. అది బాధే కానీ ఆశ్చర్యం కాదు, ఖతార్ ఆసియా ఛాంపియన్.

అసలు దెబ్బ 2024 మార్చి 26న గువాహతిలో తగిలింది. అఫ్గానిస్తాన్‌తో ఆట, మన కెప్టెన్ ఛేత్రీకి అది 150వ మ్యాచ్, అతనే పెనాల్టీ కొట్టి 1-0 చేశాడు, హాఫ్ టైమ్‌కి అందరం ధీమాగా ఉన్నాం. 70వ నిమిషంలో వాళ్లు ఒకటి కొట్టారు, 88వ నిమిషంలో పెనాల్టీ మీద ఇంకొకటి. 1-2. జూన్‌లో దోహాలో ఖతార్‌తో చివరి గ్రూప్ మ్యాచ్‌లో ఏమైందో మీకు తెలుసు, ఛాంగ్తే గోల్‌తో ముందున్నాం, బంతి గీత దాటి స్పష్టంగా బయటికి పోయాక వెనక్కి లాగి ఖతార్ గోల్ కొట్టింది, రిఫరీ ఇచ్చేశాడు. నాకూ ఒళ్లు మండింది, ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అది అన్యాయమే, ఎవరూ కాదనరు. కానీ లెక్క కూడా చూడండి: మనల్ని దాటి మూడో రౌండ్‌కి వెళ్లిన కువైట్‌కి 7 పాయింట్లు, మనకి 5. గువాహతిలో ఆ 1-0 నిలబెట్టుకుని ఉంటే మనకి 8. దోహాలో రిఫరీ ఏం చేసినా మూడో రౌండ్‌లో ఉండేవాళ్లం.

ఆ పాఠం అక్కడితో అయినా నేర్చుకున్నామా అంటే అదీ లేదు. 2027 ఆసియా కప్‌కి గ్రూప్‌లో మొదటి జట్టే వెళ్తుంది. 2025 మార్చిలో షిల్లాంగ్‌లో బంగ్లాదేశ్‌తో 0-0. జూన్‌లో హాంకాంగ్‌లో అదనపు సమయంలో పెనాల్టీ ఇచ్చి 0-1. సింగపూర్‌లో 1-1. అక్టోబర్ 14న మడగావ్‌లో సింగపూర్ చేతిలోనే 1-2, అక్కడితో ఆశ పోయింది. నవంబర్‌లో ఢాకాలో బంగ్లాదేశ్ చేతిలో కూడా ఓడాం. 2019లో, 2023లో వరసగా ఆడిన టోర్నీ అది.

మడగావ్ మ్యాచ్ రోజు ఆ రైట్ బ్యాక్, ఇప్పటి ఆటల మాస్టారు, మా ఇంట్లోనే ఉన్నాడు. ఆట అయిపోయాక మా అబ్బాయి, ఎనిమిదో తరగతి, రెండో గోల్ ఎవరివల్ల పడిందో చూపిస్తూ ఒక డిఫెండర్‌ని తిట్టడం మొదలుపెట్టాడు. అతను ఫోన్ తీసుకుని, వీడియో ఆపేసి, గ్రూప్ పట్టిక తెరిచి వాడి చేతికిచ్చాడు. "ఇక్కడ కాదు బాబూ, షిల్లాంగ్‌లో చూడు" అన్నాడు.