పదిహేడు పేజీలు వద్దు, రెండు చాలు

అమ్మాయీ,

ఆశీస్సులు. నీ పదిహేడు పేజీల బిల్లు ముసాయిదా చేరింది. మధ్యాహ్నం కునుకు మానుకుని రెండుసార్లు చదివాను. సుప్రీంకోర్టు బెంచీలు నాలుగు దిక్కులా రావాలి, హైకోర్టులకూ సుప్రీంకోర్టుకూ మధ్య జాతీయ అప్పీలు కోర్టు ఉండాలి, ఎస్‌ఎల్‌పీలకు, అంటే ప్రత్యేక అనుమతితో అప్పీలు చేసుకోనివ్వమని సుప్రీంకోర్టుకు పెట్టే అర్జీలకు, కళ్లెం పడాలి, న్యాయమూర్తుల నియామకం మారాలి. అన్నీ ఒక్క బిల్లులోనే! దీన్ని ప్రైవేటు సభ్యుల బిల్లుగా, అంటే మంత్రి కాని సభ్యుడు పెట్టే బిల్లుగా, ప్రవేశపెట్టమని ఎంపీగారిని అడుగుతామన్నావు. నా దగ్గర జూనియర్‌గా ఉన్నప్పుడు ప్లెయింటులో, అంటే దావా పత్రంలో, పొంతన లేని రిలీఫులన్నీ కలిపి అడిగితే ఎర్ర సిరాతో కొట్టేసేవాణ్ణి, గుర్తుందా? ఇప్పుడూ ఆ పనే చేయబోతున్నాను.

ముందు నియామకాల అధ్యాయం తీసి పక్కన పెట్టు. రాజ్యాంగ 99వ సవరణతో పార్లమెంటు న్యాయమూర్తుల నియామకాల కమిషన్ తెచ్చింది, సగానికి పైగా రాష్ట్రాలు ఆమోదించాయి. 2015 అక్టోబరు 16న సుప్రీంకోర్టు అయిదుగురి ధర్మాసనంలో నలుగురు దాన్ని కొట్టివేశారు. విభేదించిన ఒక్కరు మన జస్టిస్ చలమేశ్వర్. ఆయన తీర్పు తప్పక చదువు. కాని ఆ బరువు ఒక ఎంపీ పెట్టే బిల్లు మీద మోపకు.

మిగతా కోరికల్లో ఏది ఏ తలుపులోంచి వెళ్తుందో చూడు. సుప్రీంకోర్టు గురించిన అధ్యాయాన్ని, అంటే రాజ్యాంగంలో 124 నుంచి 147 దాకా ఉన్న అధికరణాలను, మార్చాలంటే ఉభయ సభల్లో ప్రత్యేక మెజారిటీ ఒక్కటే చాలదు. 368వ అధికరణం ప్రకారం సగం రాష్ట్రాల శాసనసభలు కూడా ఒప్పుకోవాలి. అయితే అదే అధ్యాయంలో పార్లమెంటు చట్టం చేయవచ్చని రాసి ఉన్న చోట్లు కొన్ని ఉన్నాయి. అక్కడ మామూలు చట్టం సరిపోతుంది. 1950లో ప్రధాన న్యాయమూర్తితో కలిపి 8 మందికి ఏర్పరచిన కోర్టు 2019లో 34కు చేరింది అలాగే. పెన్సిలు తీసుకుని ఆ చోట్ల కింద గీతలు గీసుకుంటూ పో. నీ చేతనయ్యే బిల్లు ఎంతో అరగంటలో తేలుతుంది.

ఈ కిటుకు తెలిసిన మనిషి ఆనంద్ నారాయణ్ ముల్లా. అలహాబాద్ హైకోర్టు న్యాయమూర్తిగా చేసి లోక్‌సభకు వెళ్లాడు. ఉర్దూ కవి కూడా. కింది కోర్టు నిర్దోషి అని వదిలిన మనిషికి హైకోర్టు ఉరిశిక్ష వేస్తే సుప్రీంకోర్టుకు హక్కుగా అప్పీలు ఉండేది, యావజ్జీవం వేస్తే ఉండేది కాదు. 134(2) అధికరణం ఇచ్చిన వెసులుబాటుతో ఆయన ఆ ఒక్క లోటు పూడ్చబోయాడు: యావజ్జీవం గాని, పదేళ్లకు తగ్గని శిక్ష గాని పడినా అప్పీలు హక్కు ఉండాలన్నాడు. 1968 నాటి ఆ ప్రైవేటు బిల్లు 1970లో చట్టమైంది. ఆ తరువాత మరే ప్రైవేటు సభ్యుడి బిల్లూ చట్టం కాలేదు. ముల్లా బిల్లును తెచ్చుకుని నీ ముసాయిదా పక్కన పెట్టి చూడు. వేలెడంత ఉంటుంది.

ఇక బెంచీలు. కోర్టు ఢిల్లీలో గాని, రాష్ట్రపతి ఆమోదంతో ప్రధాన న్యాయమూర్తి నిర్ణయించే మరో చోట గాని కూర్చోవచ్చని 130వ అధికరణమే చెబుతోంది. కాబట్టి బిల్లు అక్కర్లేదు, న్యాయమూర్తుల మనసు మారాలి. 2009లో లా కమిషన్ తన 229వ నివేదికలో నాలుగు ప్రాంతాల్లో బెంచీలు పెట్టమంది, దక్షిణాదికి చెన్నై లేదా హైదరాబాద్ అంది. మరుసటి ఏడాదే సుప్రీంకోర్టు ఫుల్ కోర్టు, అంటే న్యాయమూర్తులందరి సమావేశం, అవసరం లేదని తేల్చింది. 2023లో పార్లమెంటు స్థాయీ సంఘం మళ్లీ అడిగింది. ఈ కథంతా విడిగా ఒక వినతిపత్రంలో రాసి పంపు.

జాతీయ అప్పీలు కోర్టు మీద నీకున్న మోజు నాకు లేదు. మునసబు కోర్టు (ఇప్పుడు జూనియర్ సివిల్ జడ్జి కోర్టు), జిల్లా కోర్టు, హైకోర్టులో సెకండ్ అప్పీలు, ఆపైన ఎస్‌ఎల్‌పీ. ఇప్పటికే నాలుగు మెట్లు. అయిదోది కడితే డబ్బున్నవాడు ఎక్కుతాడు, లేనివాడు రెండో మెట్టు మీదే కూర్చుంటాడు. ఐర్లాండులో 2013లో ప్రజాభిప్రాయం తీసుకుని అప్పీలు కోర్టు పెట్టారు, కాని దానితోపాటే సుప్రీంకోర్టు తలుపును ఇరుకు చేశారు. ఎస్‌ఎల్‌పీలకు కళ్లెం అన్నావు గాని, వాటికి దారి ఇచ్చే 136వ అధికరణం నీ ముసాయిదాలో అలాగే ఉంది. దాన్ని మామూలు చట్టంతో కత్తిరించలేవు కూడా.

ఒకసారి నా కక్షిదారు ఒకాయన అరెకరం హద్దు తగాదాలో ఎస్‌ఎల్‌పీ వేసి, వినడానికి తానే ఢిల్లీ వచ్చాడు. అడంగలు నకళ్లు, పాత దస్తావేజులు ఇంగ్లీషులోకి మార్పించడానికి ఆవుదూడను అమ్మాడు. ఆ కాగితాలను తెల్ల తువ్వాలులో కట్టి ఒళ్లో పెట్టుకుని వెనక బెంచీ మీద కూర్చున్నాడు. పిలుపు వచ్చింది, మా న్యాయవాది రెండు వాక్యాలు చెప్పేలోగా కొట్టివేశామన్నారు. బయటికి వచ్చాక ఆయన తువ్వాలు ముడి చూపించి, ‘దీన్ని ఎవరూ విప్పలేదు కదండీ!’ అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. అలా మొదట్లోనే కొట్టివేసినంత మాత్రాన హైకోర్టు తీర్పు సరైనదని ముద్ర వేసినట్టు కాదని 2000లో సుప్రీంకోర్టే విడమరిచి చెప్పింది. ఆ సూక్ష్మం ఆయన చెవిన వేసి ఏం లాభం?

నీ బిల్లు ఆ తువ్వాలు దగ్గర మొదలుకావాలి. 145(1) అధికరణం మొదటి మాటలు చూడు. సుప్రీంకోర్టు తన విధానం మీద నియమాలు చేసుకోవచ్చు, కాని పార్లమెంటు చేసిన చట్టానికి లోబడి. ఏడో షెడ్యూలు కేంద్ర జాబితాలో సుప్రీంకోర్టు గురించిన 77వ అంశం కూడా నీకు అండ. కాబట్టి మూడే సెక్షన్లు రాయి. ఎస్‌ఎల్‌పీ మొదటి విచారణకు కక్షిదారు కోరితే తన హైకోర్టు ఆవరణ నుంచే వీడియోలో హాజరు కావచ్చు. ప్రాంతీయ భాషా పత్రాల అనువాదం పేదవారికి కోర్టు ఖర్చుతో జరగాలి. కొట్టివేస్తే నాలుగు వరుసల కారణం ఇవ్వాలి. మూడోదానికి గట్టి వ్యతిరేకత వస్తుంది, 136ను వెనక దారిలో కుదిస్తున్నారంటారు. అడిగితే వదులుకోవడానికి సిద్ధపడి రాయి, కాని రాయకుండా ఉండకు. చివర పెండింగు కేసులకు ఈ చట్టం వర్తిస్తుందో లేదో ఒక వాక్యం పెట్టు. నువ్వు మరిచిపోయావు, చాలామంది మరిచిపోతారు.

అనువాదానికి సంచిత నిధి నుంచి, అంటే ప్రభుత్వ ఖజానా నుంచి, డబ్బు పోతుంది కనుక ఆర్థిక మెమొరాండం జతచేయాలి. 117(3) అధికరణం కింద రాష్ట్రపతి సిఫారసు లేనిదే సభ ఆ బిల్లును ఆమోదించడానికి వీల్లేదు. లోక్‌సభలో నెల రోజుల ముందు నోటీసు ఇవ్వాలి, ఆ తరువాత ప్రైవేటు బిల్లులు చర్చకు వచ్చే శుక్రవారం మధ్యాహ్నాల కోసం ఎదురుచూడాలి. ఉద్దేశాల ప్రకటనలో న్యాయవ్యవస్థ గొప్పతనం మీద నువ్వు రాసిన పేరా కొట్టేశాను.

రెండో ప్రతి ఎడంగా, పక్కన మార్జిన్ బాగా వదిలి టైపు చేయించు. ఎర్ర సిరాకు చోటు కావాలి. ఫోనులో పంపకు, ఆ చిన్న అక్షరాలు నాకు ఆనవు.

ఆశీస్సులతో,
నీ పాత సీనియర్