అల్లుడికి: ఏఐ ఏజెంట్ చెప్పింది కాదు, నువ్వు చూసింది పంపు

అనంతపురం

అల్లుడూ,

రాత్రి నువ్వు పంపిన మెసేజి ఇప్పుడే చూసినా. "మామా, యాప్ పనిచేయడం లేదు, కోడ్ రాసే ఏఐ ఏజెంట్‌కు కూడా దిక్కు తెలీడం లేదు, రవ్వంత చూడు" అని రాసి, కింద స్క్రీన్‌ను ఫోన్‌తో తీసిన ఫోటో ఒకటి పెట్టినావు. అదీ సగం మసక. మా ఊరి బస్టాండులో నిలబడి "బస్సు ఎప్పుడుంది?" అంటే, యాడికి పోవాలప్పా అని ఎదురు అడుగుతారు. నీ మెసేజికి నేనూ అంతకుమించి ఏం చెప్పలేను.

మీ ప్రోగ్రామర్ల గుంపులో మీరంతా ఒకరికొకరు సాయం చేసుకుంటున్నారంటే నాకు సంతోషమే. కర్నూల్లోనో కడపలోనో ఇంట్లో కూచుని పనిచేసేవాళ్లకు పక్క సీట్లో సీనియర్ ఉండడు, అడగాలంటే మీ గుంపే దిక్కు. అయితే ఏజెంట్లు వచ్చినాక అడిగే పద్ధతి చెడింది. ఇంతకుముందు కోడ్ రాసినోడే అడిగేవాడు, యాడ ఏముందో వానికి తెలిసేది. ఇప్పుడు కోడ్ ఏజెంట్ రాస్తుంది, తప్పుకు కారణం కూడా అదే చెప్తుంది, నువ్వు ఆ కారణాన్ని తెచ్చి మా ముందర పెడతావు. అసలు జరిగిందేమో తెలీకుండా మేం దాని ఊహ మీద వాదించుకుంటూ కూచుంటాం.

మీ ఉల్లిగడ్డల లెక్కల యాప్ సంగతే తీసుకో. కర్నూలు యార్డుకు తెల్లారకముందే చేరిన సరుకు నిన్నటి తేదీ కింద పడుతోందన్నది మొదటి ఫిర్యాదు. ఏజెంట్ ఏదో సరిచేసింది, పొద్దున లెక్క కుదిరింది. రెండు రోజులకు సాయంత్రం లెక్కలు రేపటి తేదీలోకి పోవడం మొదలైంది. అప్పుడు నువ్వు గుంపులో ఏమని రాసినావు? "టైమ్‌జోన్ లైబ్రరీలో బగ్ ఉంది, వేరేది చెప్పండి" అని. లైబ్రరీ అంటే టైములు మార్చేందుకు ఎవరో ముందే రాసిపెట్టిన కోడ్. అందులో బగ్ ఉందన్న మాట ఏజెంట్‌ది. దాన్ని నమ్మి ముగ్గురు మూడు లైబ్రరీలు చెప్పినారు, నువ్వు మూడూ వేసి చూసినావు.

గుంపులోని కడప అమ్మాయి మాత్రం లైబ్రరీ ఊసే ఎత్తలేదు. "ఏ టైముకు ఎక్కించినవి తప్పుతున్నాయన్నా? ఒక పది వరసలు టైముతో సహా పెట్టు" అనింది. పెడితే ఏముంది, సాయంత్రం 5:50కి ఎక్కించింది సరిగ్గా ఉంది, 6:20ది సరిగ్గా ఉంది, 6:40ది మరుసటి రోజుకు దాటిపోయింది. గీత సరిగ్గా ఆరున్నర దగ్గర, అంటే అర్ధరాత్రికి ఐదున్నర గంటల ముందు. మన టైము యూటీసీ అనే ప్రపంచ ప్రామాణిక టైము కంటే ఐదున్నర గంటలు ముందుంటుంది గదా. సేవ్ చేసేకాడ ఒకసారి, చూపించేకాడ ఒకసారి, ఏజెంట్ ఆ ఐదున్నరను రెండుసార్లు కలిపేసింది. డేటాబేసులో యూటీసీలోనే ఉంచి, చూపించేటప్పుడు ఒక్కసారి ఏషియా/కోల్‌కతాకు, అంటే మన టైముకు, మార్చితే సరిపోయింది. పది వరసలతో తెగిపోయే పనికి మూడు లైబ్రరీలు మార్చినారు!

ఒక మాట: ఆ వరసల్లో రైతుల ఫోన్ నంబర్లు కూడా ఉండె. అట్లాంటివి గుంపులో పెట్టేముందు మార్చెయ్. 2023లో వచ్చిన డేటా రక్షణ చట్టం సంగతి అట్లుంచు, నిన్ను నమ్మి ఇచ్చిన నంబర్లవి.

ఏం చేసినావు, ఏం రావాలనుకున్నావు, ఏం వచ్చింది, ఈ మూడూ రాస్తే సగం పని అయినట్టే. ఎర్రర్‌ను ఫోటో తీయొద్దు, అక్షరాలు కాపీ చేసి పెట్టు. అదీ పైన నాలుగు లైన్లు కత్తిరించి కాదు. పైథాన్ భాషలో ఎర్రర్ వస్తే అసలు మాట చివరి లైన్లో ఉంటుంది. జావాలో కిందికి పోయి ఆఖరి "కాజ్డ్ బై" (కారణం ఇది) అన్న లైను వెతకాలి. ఏజెంట్ అభిప్రాయం పెట్టాలనిపిస్తే పెట్టు, కానీ అన్నిటికంటే కింద, "ఏజెంట్ ఇట్లా అంటోంది" అని విడిగా.

ఒక సైటు పేజీ వేరే సైటు సర్వర్‌ను అడిగినప్పుడు, ఆ సర్వర్ ఒప్పుకున్నట్టు చెప్పకపోతే బ్రౌజర్ జవాబును ఆపేస్తుంది, అదే కార్స్ ఎర్రర్. దాని గురించి మీలో వారానికొకరు అడుగుతున్నారు. పోస్ట్‌మ్యాన్‌లో (సర్వర్‌ను నేరుగా అడిగి చూసే పనిముట్టు) జవాబు వస్తుంది, బ్రౌజర్లో రాదు అని. ఆ కాపలా కాసేది బ్రౌజర్ ఒక్కటే, పోస్ట్‌మ్యాన్‌కు ఆ పట్టింపు లేదు, కాబట్టి అందులో వింతేం లేదు. ఏజెంట్‌ను అడిగితే అన్ని సైట్లనూ రానిచ్చేటట్టు ఒక చుక్కగుర్తు (*) పెట్టి చేతులు దులుపుకుంటుంది. కుకీలు (బ్రౌజర్ దాచుకునే లాగిన్ గుర్తుల్లాంటివి) పంపే రిక్వెస్టయితే ఆ చుక్కను బ్రౌజర్ ఒప్పుకోదు. శానాసార్లు జరిగేది ఇంకోటుంది: సర్వర్ లోపల కూలిపోయి 500 అనే ఎర్రర్ నంబరు ఇస్తుంది, ఆ జవాబులో కార్స్ అనుమతి చెప్పే హెడర్ ఉండదు, బ్రౌజర్ దాన్నే ఎత్తి చూపుతుంది. తప్పు ఎక్కడో, అరుపు ఎక్కడో. అందుకే ముందు సర్వర్ లాగ్ (అది రాసుకునే చిట్టా) తెరవండి.

నీ ఫోటోలో మసకలోనే 504, అంటే వెనక సర్వర్ గడువులో జవాబివ్వలేదన్న ఎర్రర్, కనపడింది. ముందర నిలబడి రిక్వెస్టులను వెనక సర్వర్‌కు అందించే ఎన్‌జిన్‌ఎక్స్, ఆ సర్వర్ నుంచి ఏమీ రాకపోతే మామూలుగా 60 సెకన్లు చూసి వదిలేస్తుంది. మీ యాప్ అడిగే పనికి నిమిషాలు పడుతుందేమో. బ్రౌజర్ డెవలపర్ టూల్స్‌లో నెట్‌వర్క్ ట్యాబ్ తెరిచి టైము చూడు. సరిగ్గా 60 దగ్గర తెగుతుంటే ఇదే. పదో సెకనుకే తెగితే వేరే కథ, అప్పుడు మళ్లా మాట్లాడుదాం. 60 అయితే ఆ గడువు పెంచమని ఏజెంట్ అంటుంది, నేను ఒప్పుకోను. పనిని క్యూలో వేసి ఒక జాబ్ నంబరు వెంటనే ఇచ్చెయ్, అయిందా లేదా అని పేజీయే అప్పుడప్పుడు అడుగుతుంది. అదే ఫోటోలో పక్క ట్యాబ్‌లో ఈఎన్‌వీ ఫైలు (రహస్య కీలు, సెట్టింగులు ఉంచేది) తెరిచి ఉంది, కీ చదవగలుగుతున్నా. దాన్ని ఇప్పుడే రద్దు చేసి కొత్తది తీసుకో. ఎప్పుడైనా కోడ్ మార్పుల చరిత్ర దాచే గిట్‌లోకి కీ పోయినా అంతే, తర్వాతి కమిట్‌లో (దాచిన ప్రతి మార్పూ ఒక కమిట్) తీసేస్తే పాత కమిట్‌లో ఉండనే ఉంటుంది.

ఏజెంట్‌తో పని చేయించేముందు ఒక కమిట్ పెట్టుకో. అది ఒకే ఎర్రర్ చుట్టూ తిరుగుతుంటే ఆపెయ్, ఎందుకంటే తప్పిన ప్రయత్నాలన్నీ ఆ చాట్‌లోనే ఉంటాయి, అది వాటినే మళ్లీ మళ్లీ చదువుకుంటుంది. కొత్త సెషన్‌లో నాలుగు మాటల్లో సంగతి రాసి మొదలుపెట్టు. అయిందని చెప్పినాక మార్పులు చదువు. ముఖ్యంగా ఎర్రర్‌ను ట్రై-క్యాచ్‌లో (తప్పు వస్తే పట్టుకునే కోడ్) మింగేసిందా, టెస్టునే మార్చి పాస్ చేసిందా అని. లేని ప్యాకేజీ (ఇన్‌స్టాల్ చేసుకునే కోడ్ మూట) పేర్లు కూడా పుట్టిస్తుంది, అట్లాంటి పేరుతో ఎవరన్నా చెడ్డ కోడ్ పెట్టి ఉండొచ్చు, చూసుకోకుండా ఇన్‌స్టాల్ చేయొద్దు. జనం వాడుతున్న ప్రొడక్షన్ డేటాబేసు దాని చేతికి ఇవ్వొద్దు, ఇస్తే చదవడానికి మాత్రమే. 2025 జూలైలో, ఏమీ మార్చొద్దని చెప్పినా ఒక ఏజెంట్ ప్రొడక్షన్ డేటా తుడిచేసిన వార్త మీరందరూ చదివిందే గదా.

ఇక సాయం చేసే సంగతి. ఎవరో అడిగింది తీసుకుపోయి ఏజెంట్‌కు అతికించి, అది ఇచ్చింది తెచ్చి ఇక్కడ అతికించడం సాయం కాదు. వాళ్లకూ ఏజెంట్ ఉంది! ప్రోగ్రామర్లు ప్రశ్నలు అడిగే సైటు స్టాక్ ఓవర్‌ఫ్లో 2022 డిసెంబరులో చాట్‌జీపీటీ జవాబులను వద్దనింది ఇందుకే: చూస్తే సరిగ్గానే అనిపిస్తాయి, తప్పులు ఎక్కువ, పుట్టించడానికి నిమిషం చాలు, సరిచూసే మనిషికి గంట పోతుంది. నువ్వు రన్ చేసి చూసింది చెప్పు, చూడకపోతే "నేను రన్ చేయలేదు" అని ముందే రాయి. ఏమీ తోచకపోతే కడప అమ్మాయిలాగా ఒక ప్రశ్న అడుగు.

కొత్త పిల్లోళ్లను "ఇది కూడా తెలీదా" అనొద్దు. అట్లా అనిపించుకున్నోడు మళ్లా అడగడు, రాత్రంతా ఏజెంట్‌తోనే కొట్టుకుంటాడు, పొద్దునకు ఇంకో నాలుగు ఫైళ్లు చెడగొట్టుకుంటాడు. పని తెమిలినాక "ఫిక్స్ అయింది, థ్యాంక్స్" అని వదిలేయకుండా కారణం ఒక్క లైనైనా రాయండి. ఆ తేదీల సంగతి నువ్వు ఇంకా రాయలేదు. ఆదోని పత్తి లెక్కలు చేస్తున్న మీ స్నేహితుడు ఇప్పుడు అదే ఐదున్నర గంటలతో కుస్తీ పడుతున్నాడట, ఈపూటే రాసిపెట్టు.

మీ మామ