ప్రశ్న – జవాబు: ప్రాజెక్టు రౌండులోనే ఎందుకు ఆగిపోతున్నాను?

ప్రశ్న: నేను ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ చదివి, హైదరాబాద్‌లో ఒక సంస్థలో ఎంఐఎస్ రిపోర్టులు (యాజమాన్యానికి అందించే సమాచార నివేదికలు) తయారుచేసే ఉద్యోగం చేస్తున్నాను. డేటా సైంటిస్టు ఉద్యోగాల ఇంటర్వ్యూలలో ఆన్‌లైన్ పరీక్ష, ఎస్‌క్యూఎల్ (డేటాబేస్ నుంచి వివరాలు రాబట్టే భాష) రౌండు దాటుతున్నాను గానీ ప్రాజెక్టు గురించి అడిగే రౌండులో ఆగిపోతున్నాను. అమెరికాకు చెందిన లెండింగ్ క్లబ్ రుణాల డేటాతో, అప్పు ఎగవేసేవారిని ముందే గుర్తించే మోడల్ చేశాను. 98 శాతం యాక్యురసీ (మొత్తం అంచనాలలో సరైనవాటి వాటా) వచ్చింది. ఏ కాలమ్ ఎక్కువగా ఉపయోగపడిందని అడిగితే ‘రికవరీస్’ అన్నాను. ఆ తర్వాత సంభాషణ ముక్తసరిగా ముగిసింది. లోపం ఎక్కడుంది? ఇంటి దగ్గర చేసి పంపమనే అసైన్‌మెంటుకు ఎంత సమయం పెట్టాలి?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: లోపం మీరు చెప్పిన ఆ కాలమ్‌లోనే ఉందమ్మా. బాకీ ఇక రాదని సంస్థ ఖాతాలో రాసేసుకున్న తర్వాత ఎంతోకొంత రాబట్టుకున్న సొమ్మును రికవరీస్ కింద నమోదు చేస్తారు. అప్పు సక్రమంగా తీర్చినవారికి అక్కడ సున్నాయే ఉంటుంది. అంటే మీ మోడల్ ముందుగా అంచనా వేయలేదు, జరిగిపోయినదాన్ని చదివి చెప్పింది. దీనినే డేటా లీకేజీ అంటారు. రుణం మంజూరు చేసే రోజున సంస్థకు తెలిసిన వివరాలను, అంటే ఆదాయం, ఉద్యోగ కాలం, పాత అప్పులు, క్రెడిట్ స్కోరు వంటివాటిని మాత్రమే ఉంచి, ఆ తేదీ తర్వాత నిండే ప్రతి కాలమ్‌నూ తీసివేయండి. చివరిసారి కట్టిన మొత్తం, ఇప్పటివరకు తీరిన అసలు కూడా ఆ కోవలోనివే. అప్పుడు మీ 98 నిలవదు, కానీ తగ్గిన ఆ అంకెనే ధైర్యంగా చెప్పండి. ఎందుకు తగ్గిందో వివరించగలిగిన అభ్యర్థిపై అడిగేవారికి నమ్మకం కలుగుతుంది.

యాక్యురసీ ఒక్కటే చెప్పడం కూడా మానుకోండి. ఉదాహరణకు, 10,000 రుణాలలో 1,500 ఎగవేతలు ఉన్నాయనుకుందాం. అందరూ తీరుస్తారని కళ్లు మూసుకుని చెప్పినా 85 శాతం వస్తుంది, కానీ ఒక్క ఎగవేతదారూ దొరకడు. మీ మోడల్ 2,000 మందిని అనుమానించగా వారిలో 900 మంది నిజంగా ఎగవేస్తే, ప్రెసిషన్ (అనుమానించినవారిలో నిజంగా ఎగవేసినవారి వాటా) 45 శాతం, రీకాల్ (మొత్తం ఎగవేతదారులలో మోడల్ పట్టుకున్నవారి వాటా) 60 శాతం. తప్పిపోయిన 600 మంది వల్ల పోయే అసలు ఎక్కువా, తిప్పి పంపిన 1,100 మంది మంచి ఖాతాదారుల వల్ల పోయే వడ్డీ ఎక్కువా అన్న చర్చకు మీరే దారితీయండి. ఆ రౌండులో నిజంగా చూసేది ఈ ఆలోచననే అని నా అభిప్రాయం.

ఈ విషయంలో మీ ప్రస్తుత ఉద్యోగాన్ని తక్కువగా చూడవద్దు. ఏ కాలమ్‌ను ఏ విభాగం ఎప్పుడు నింపుతుందో, ఖాళీ గడికి అర్థం ‘సున్నా’యో ‘ఇంకా రాలేదో’ రోజూ రిపోర్టులు చేసేవారికి తెలిసినంతగా, అల్గారిథమ్‌లు మాత్రమే చదివినవారికి తెలియదు. మీ సంస్థ రహస్యాలు బయటపెట్టకుండా అలాంటి సమస్య ఒకటి ఎంచుకుని, మీరు తీసుకున్న నిర్ణయాలతో సహా వివరించండి. స్టాటిస్టిక్స్ చదివారు కనుక పీ-వాల్యూ గురించి తప్పక అడుగుతారు. పరికల్పన నిజమయ్యే సంభావ్యత అని పొరపాటున కూడా అనకండి. నిజానికి తేడా ఏమీ లేకపోయినా ఇంత తేడా, లేదా ఇంతకు మించిన తేడా, యాదృచ్ఛికంగా కనిపించే సంభావ్యత అది.

అసైన్‌మెంటు విషయానికి వస్తే, ఎన్ని గంటల పని ఆశిస్తున్నారో ముందే ఈమెయిల్‌లో అడగడం తప్పు కాదు. ఒక శని, ఆదివారాలలో ముగిసే పని అయితే చేయండి. వారాల తరబడి సాగే పని అడిగితే, అందులో ఒక భాగం మాత్రమే చేసి చూపిస్తానని మర్యాదగా చెప్పండి. కోడ్‌తోపాటు ఒక పేజీ వివరణ జతచేసి, డేటాలో ఏవి అనుమానించారో, ఏవి తీసివేశారో, సమయం చాలక ఏవి వదిలేశారో అందులో రాయండి. తర్వాతి రౌండులో ప్రశ్నలు ఎక్కువగా ఆ పేజీ నుంచే వస్తాయి.