ఒక మావోరీ నర్సు పరిశోధన నా లైసెన్సు దాకా వచ్చింది

ఆదివాసీల ఆరోగ్యం మీద సామాజిక శాస్త్రవేత్తలు చేసే పరిశోధన సైటేషన్లు, అంటే ఇతర పరిశోధకుల వ్యాసాల్లో ప్రస్తావనలు, పోగేసుకోవడానికి తప్ప బయట ఎక్కడైనా పనికొచ్చిందా అని ఒకరు అడిగారు. వచ్చింది. అది తెలియకపోతే నాకు ఇక్కడ నర్సుగా రిజిస్ట్రేషనే ఇచ్చేవాళ్ళు కాదు.

నేను న్యూజిలాండ్‌లో పనిచేస్తున్నాను. అంతకుముందు విశాఖ ఏజెన్సీలో ఒక ఆసుపత్రిలో చేశాను. నేను వచ్చిన రోజుల్లో బయటి దేశాల నర్సులకి క్యాప్ అని కొన్ని వారాల కోర్సు ఉండేది. ఇప్పుడది తీసేసి క్రైస్ట్‌చర్చ్‌లో ఓస్కీ అనే ప్రాక్టికల్ పరీక్ష పెట్టారు. కోర్సు పోయి పరీక్ష వచ్చింది గానీ ఖర్చులు తప్పలేదు. ఇంగ్లిష్ పరీక్షకి ఒకసారి, సర్టిఫికెట్ల పరిశీలనకి ఒకసారి, వీసాకి ఒకసారి కట్టుకుంటూ పోవడమే. ఇంత చేసి వస్తే, ఇక్కడి మన తెలుగువాళ్ళ ఫంక్షన్లలో "ఓ, నర్సా" అని ఒక దీర్ఘం.

సరే, ఆ కోర్సులో తప్పించుకోవడానికి వీల్లేని సబ్జెక్టు కల్చరల్ సేఫ్టీ, అంటే రోగి సంస్కృతికి భద్రత. దాని వెనకున్న మనిషి ఇరిహపేటి రామ్స్‌డెన్. న్యూజిలాండ్ ఆదివాసులైన మావోరీల ఆవిడ, తనూ నర్సే. 1988లో క్రైస్ట్‌చర్చ్‌లో జరిగిన ఒక సమావేశంలో ఒక మావోరీ నర్సింగ్ విద్యార్థిని లేచి, చట్టపరమైన భద్రత అంటారు, నైతిక భద్రత అంటారు, మరి మా సంస్కృతికి భద్రత మాటేమిటి అని అడిగిందట. రామ్స్‌డెన్ ఆ ప్రశ్న పట్టుకుని వదల్లేదు. 1992లో న్యూజిలాండ్ నర్సింగ్ కౌన్సిల్ దాన్ని నర్సులకీ మంత్రసానులకీ చదువులో తప్పనిసరి చేసింది. మరుసటి ఏడాదికల్లా పత్రికల్లో రచ్చ మొదలైంది, 1995లో పార్లమెంటు కమిటీ విచారణ దాకా పోయింది. అయినా కౌన్సిల్ దాన్ని తీసెయ్యలేదు. ఆవిడ పీహెచ్‌డీ థీసిస్ వచ్చింది 2002లో, అంటే నియమం వచ్చిన పదేళ్ళకి. మరుసటి ఏడాదే చనిపోయారు. మామూలుగా ముందు థీసిస్ వస్తుంది, తర్వాత అది లైబ్రరీలో పడుంటుంది. ఇక్కడ పని ముందు నడిచింది.

మావోరీల పాఠం అంటే ఏముంటుందని మేం అనుకున్నాం? తల పవిత్రం, తలకి వాడే దిండు కాళ్ళ కింద పెట్టకూడదు, కాన్పయ్యాక మాయని పారేయకుండా కుటుంబానికి అడిగి ఇవ్వాలి, ఇలాంటివి. నా రూమ్మేట్ కేరళ అమ్మాయి, అవన్నీ బట్టీ పట్టేసింది. ఆ రోజు క్లాసులో మా టీచరమ్మ తెల్లకాగితాలు పంచి, మావోరీల గురించి ఒక్క ముక్క కూడా రాయొద్దంది. మీ దేశంలో మీ ఆసుపత్రికి వచ్చి మీ ఎదుట కూర్చోడానికి జంకేవాళ్ళు ఎవరో రాయండి అంది.

ఫిలిప్పీన్స్ వాళ్ళు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. నేను మా ఓపీ గురించి రాశాను. కుర్చీలు ఉండేవి. మైదానం నుంచి వచ్చిన టీచర్లు, వ్యాపారులు వాటిల్లో కూర్చునేవాళ్ళు. కొండ మీద నుంచి దిగొచ్చిన ఆడవాళ్ళు పిల్లల్ని ఒళ్ళో పెట్టుకుని కిటికీ కింద నేలమీద. కుర్చీలు ఖాళీగా ఉన్నా సరే.

టీచరమ్మ అది గట్టిగా చదివించి, "వాళ్ళని కింద కూర్చోమని ఎవరు చెప్పారు?" అంది.

"ఎవరూ చెప్పలేదండీ."

"మరి వాళ్ళకెలా తెలిసింది?"

ఎవరం మాట్లాడలేదు. ఆవిడ కూడా జవాబు చెప్పకుండా, వార్డులోంచి చెప్పాపెట్టకుండా వెళ్ళిపోయినవాళ్ళని మీ రికార్డుల్లో ఏమని రాస్తారు అని అడిగింది. అబ్‌స్కాండెడ్ అని రాస్తాం. పారిపోయిన ముద్దాయిని రాసినట్టు. ఎందుకు వెళ్ళిందో రాయడానికి మా రిజిస్టర్లో గడే లేదు.

రామ్స్‌డెన్ చెప్పిందంతా ఆ గడి గురించే. రోగి ఆచారాల జాబితా నేర్చుకోవడం కాదు, నర్సు తన అధికారాన్ని తను చూసుకోవాలి. వైద్యం భద్రంగా అందిందో లేదో తేల్చేది నర్సు కాదు, అందుకున్న మనిషి. అమెరికాలో మడలిన్ లైనింగర్ అనే నర్సు, మానవశాస్త్రవేత్త కూడా, అంతకు చాలాముందే ట్రాన్స్‌కల్చరల్ నర్సింగ్ అని, రోగి సంస్కృతికి తగ్గట్టు చేసే నర్సింగ్, మొదలుపెట్టారు. అందులో చూపంతా రోగి సంస్కృతి మీదే. రామ్స్‌డెన్ ఆ చూపుని నర్సు వైపు తిప్పారు. కెనడాలో, ఆస్ట్రేలియాలో పట్టుకున్నది ఈ మలుపునే. 2018లో ఆస్ట్రేలియా నర్సుల ప్రవర్తనా నియమావళిలోకి అది ఎక్కితే, తెల్ల నర్సులు ఇక రోగి ముందు క్షమాపణ చెప్పుకోవాలట అని టీవీల్లో అబద్ధపు గోల. 25 ఏళ్ళ ముందు న్యూజిలాండ్‌లో జరిగిన రచ్చే మళ్ళీ.

ఇంత చేస్తే మావోరీల ఆరోగ్యం బాగుపడిందా అంటారు. మిగతావాళ్ళతో పోలిస్తే ఆయుర్దాయంలో ఇంకా కొన్నేళ్ళ తేడా ఉంది. ఇళ్ళు, జీతాలు, పొగాకు, పోయిన భూములు నర్సు చేతిలో లేవు. కానీ మందు వేసుకోవడానికి మనిషి రెండోసారి రావాలి కదా, అది నర్సు చేతిలోనే ఉంది. ఈ మాట మీద నాతో ఎవరొచ్చినా వాదిస్తాను.

మన దగ్గర పరిశోధన లేక కాదు. కేంద్ర ప్రభుత్వం డాక్టర్ అభయ్ బంగ్ అధ్యక్షతన వేసిన కమిటీ గిరిజన ఆరోగ్యం మీద 2018లో పెద్ద నివేదికే ఇచ్చింది. ఏజెన్సీకి ప్రశ్నాపత్రాలు పట్టుకుని పీహెచ్‌డీ పిల్లలు వస్తూనే ఉంటారు. నాటువైద్యుడి దగ్గరికి ఎందుకు వెళ్తారు, కాన్పు ఇంట్లో ఎందుకు చేసుకుంటారు, ఇవే ప్రశ్నలు. చివర్లో "అవగాహన కల్పించాలి" అని ఒక వాక్యం. ఎవరికి కల్పించాలో చెప్పక్కర్లేదు, కొండ మీద వాళ్ళకే. నేనున్నన్నాళ్ళూ డ్యూటీలో ఉన్న నర్సుల్ని కూర్చోబెట్టి అడిగినవాళ్ళని చూడలేదు.

ఆ ప్రశ్న మీరు థీసిస్ టాపిక్ కోసం అడుగుతుంటే, ఆసుపత్రి సిబ్బంది మీద చెయ్యండి. పర్మిషన్ అంత తేలిగ్గా ఇవ్వరు, సూపరింటెండెంట్ ఫైలు మీద కూర్చుంటాడు. ఊరి జనం మీదైతే మధ్యాహ్నానికల్లా సంతకం పడుతుంది.